బేగంపేట డకోటాలు

కౌటిల్యుఁడు ఆయుధాగారాధ్యక్షుని విధులను జెప్పుచు, ఆయుధములను దఱచుగాఁ జోటు మార్చి యెండలోఁ బెట్టవలయుననెను. ఆతని చింత సామగ్రిని నిలువయుంచుటను గూర్చినది. 1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగియఁగా మన దేశమున నేర్పడిన చిక్కు వేఱు: నిలువయుంచుటకు వీలులేనంత సామగ్రి మిగిలెను. అమెరికా సైన్యము విడిచిన వస్తువులను గూర్చి యుభయ ప్రభుత్వములును 1946 మే నెలలో నొడంబడిక చేసికొనెను.

సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో నీ చరిత్ర విమానరూపమునఁ గానవచ్చును. నిజాము ప్రభుత్వమును టాటాలును గలసి 1945లో స్థాపించిన దక్కను ఎయిర్‌వేసు మఱుసటి యేఁట రాకపోకలు సాగించెను. దాని విమానములు డకోటాలు. 1935లోఁ దొలుత నెగిరిన డగ్లస్ డి.సి.-3 ప్రయాణికుల విమానమునకు సైనికరూపమే డకోటా. లోపల ప్రక్కల వెంబడి సిపాయిలు కూర్చుండు బల్లలను దీసి కుర్చీలు బిగించినచో నిరువదిమందికిఁ బైగాఁ బట్టుదురు. యుద్ధకాలమున సుమారు 10,000 తయారగుటచే వెల పడిపోయెను, విడిభాగములకుఁ గొదువలేదు, నడుపుటకు సైన్యమునుండి మరలిన వైమానికులుండిరి. యుద్ధవాహనము టపాబండి యయ్యెను.

ఇంతటితో నిది శాంతికథ యని చదువరులు తలంపరాదు. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుఁడు కరాచీనుండి బీదరు, వరంగల్లులకు నిజాముకొఱకు దొంగతనముగా నాయుధములు చేరవేసెను. ఆతని లంకాస్ట్రియనులు లంకాస్టరు బాంబు విమానమును బ్రయాణమునకుఁ దగినట్లు మార్చి చేసినవే. కాఁబట్టి సైనికోపకరణము పౌరుల చేతఁ బడినంతనే నిరపాయమగు ననుట నాకు సమంజసముగాఁ దోఁపదు. అమ్మక ధ్వంసము చేసినఁ జాలుననుటయుఁ గుదురదు. కాన్పూరులో బ్రిటిషువారు పనికిరాకుండఁ జెడఁగొట్టి విడిచిన లిబరేటరు బాంబు విమానములను బెంగుళూరు హిందూస్థాన్ విమాన కర్మాగారమువారు 1948 మొదలు బాగుచేసిరి; అవి మన వైమానికదళమున 1968 వఱకుఁ గొలువు చేసినవి!

బేగంపేట డకోటాలకు వచ్చిన యిబ్బంది యాయుధములవలనఁ గాదు, చౌకదనమువలన. విమానములు సులభముగా దొరకుటచే దేశమునఁ గంపెనీలు పెక్కులు పుట్టెను. అన్నిటికిని జాలినంత ప్రయాణికులు లేరు. 1950లో న్యాయమూర్తి రాజాధ్యక్షుని సంఘము కంపెనీలు అవసరమునకు మించినవని తేల్చెను. 1953 ఆగస్టు 1వ తేదీన నెనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్సులోఁ గలిసిపోయెను. వానిలో దక్కను ఎయిర్‌వేసు నొకటి. దాని డకోటాలును గొత్త పేరుతో నెగిరినవి.