మూడు నిమిషాల కత్తెర

పాత ఇంగ్లీషు పాటలు వినేవాళ్ళకి ఒక అనుమానం రాకమానదు. ఇవన్నీ మూడు నిమిషాల దగ్గరే ఎందుకు ఆగిపోతాయి? నాకూ వచ్చింది. కాస్త తవ్వితే తేలిందేమిటంటే, ఆ హద్దు పెట్టింది సంగీతం కాదు, హార్డ్‌వేర్.

పది అంగుళాల 78 స్పీడు గ్రామఫోను రికార్డు ఒకవైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. మన పాత సినిమా పాటలూ వీటిమీదే వచ్చాయి. 1949లో ఆర్‌సీఏ విక్టర్ 45 స్పీడు రికార్డు తెచ్చింది. అందులో ఇంకాస్త ఎక్కువే పడుతుంది, కాకపోతే పాట సాగేకొద్దీ గాడి ఇరుకై శబ్దం తగ్గుతుంది. ఈలోగా అమెరికాలో టాప్ 40 రేడియోలు పుట్టాయి. పాట పొట్టిదైతే గంటలో ఎక్కువ పాటలు, మధ్యమధ్యలో ప్రకటనలకి చోటు. అలా హార్డ్‌వేర్ హద్దు కాస్తా వ్యాపారం హద్దయింది. మన 80 కాలమ్స్ కథ గుర్తుందిగా? 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డులు పోయాయి, 80 మాత్రం టెర్మినళ్ళలో మిగిలింది. ఇదీ అంతే.

1967లో ద డోర్స్ వాళ్ళ 'లైట్ మై ఫైర్' చూడండి. ఆల్బంలో సుమారు ఏడు నిమిషాలు. రేడియో కోసం నిర్మాత పాల్ రోత్‌చైల్డ్ దాన్ని మూడు నిమిషాల లోపుకి దించాడు. అప్పట్లో ఎడిటింగంటే టేపుని బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించడమే. పోయిందేమిటయ్యా అంటే రే మంజారెక్ ఆర్గన్, రాబీ క్రీగర్ గిటార్ సోలోలు దాదాపు మొత్తం. అంటే పాటకి గుండెకాయ! అయినా ఆ జూలైలో అదే నంబర్ వన్.

అందరూ లొంగలేదు లెండి. 1964లో రైటియస్ బ్రదర్స్ పాట మూడు నిమిషాల ముప్పావు ఉంటే, ఫిల్ స్పెక్టర్ లేబుల్ మీద 3:05 అని అచ్చేయించాడు. తప్పుడు విలువ ఇచ్చి వాలిడేషన్ దాటించడమన్నమాట :) 1965లో బాబ్ డిలన్ ఆరు నిమిషాల 'లైక్ ఎ రోలింగ్ స్టోన్'ని కంపెనీ రెండు వైపులకి విరిచి రేడియోలకి పంపింది. పూర్తి పాటే కావాలని శ్రోతలు పట్టుబట్టారు. అది రెండో స్థానం దాకా వెళ్ళింది.

నా మటుకు నాకు కత్తెర మీద పెద్ద కోపం లేదు. పొట్టి వెర్షన్ విని ఆల్బం కొన్నవాడికి మొత్తం పాట దొరికేది. అసలు చిక్కు ఇప్పుడుంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. అందుకని మొదటి వాయిద్యాలు కుదించేసి, తిన్నగా పల్లవిలోకి దూకే పాటలు కడుతున్నారు. రోత్‌చైల్డ్ కోసిన ముక్కలు ఆల్బంలో భద్రంగా ఉన్నాయి, ఈరోజు కూడా వినొచ్చు. కట్టకముందే కోసేసిన పాటకి ఆ ముక్కలు ఎక్కడని వెతుకుతాం?