బందరు ఉక్కలో ఊలు దారం

బందరులో స్వెట్టరు అల్లుకుంటున్నానని చెప్పి చూడండి. ఎదుటివాళ్ళు మొహం మీదే నవ్వేస్తారు. "ఎవరికమ్మా, పెరట్లో కొబ్బరిచెట్టుకా?" అంటారు. వాళ్ళ నవ్వూ న్యాయమే. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, విసనకర్ర కింద పెట్టనివ్వని మధ్యాహ్నాలు! సంక్రాంతి ముందు నాలుగు తెల్లవారుజాములు తప్ప ఈ ఊరికి చలి అంటే పేపర్లో చదివే సంగతే. అయినా బందరు కానివ్వండి, గుడివాడ కానివ్వండి, అవనిగడ్డ కానివ్వండి, పాత ఇంట్లో ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున ఓ జత అల్లిక సూదులో, ఓ క్రోషా సూదో, సగంలో ఆగిపోయిన చంటిపిల్ల టోపీయో బయటపడుతూనే ఉంటుంది.

చలి లేని చోటికి ఈ చలిదేశపు పని ఎందుకొచ్చింది? వచ్చిందే అనుకోండి, ఎందుకు నిలిచింది?

అసలు ముందు ఒక మాట. అల్లిక చలిదేశాల్లో పుట్టిందని మనం అనుకుంటాం గాని, ఇంతవరకు దొరికిన పాత అల్లిక ముక్కల్లో ముఖ్యమైనవి ఈజిప్టువి. సుమారు వెయ్యేళ్ళ నాటి మేజోళ్ళవి. వాటిని ఊలుతో అల్లలేదు, నూలుతో అల్లారు. తెలుపూ నీలమూ కలిపి వేసిన ముగ్గుల్లాంటి డిజైన్లు వాటినిండా. ఈజిప్టు ఎండ మన రోహిణికార్తె ఎండకు ఏమీ తీసిపోదు కదా! అదే దేశంలో ఫుస్తాత్ అనే పాత నగరంలో మన గుజరాతు అద్దకపు బట్టల పేలికలు కూడా దొరికాయి. అంటే నూలూ, నీలీ, ఎండా కలిసినచోటే ఈ విద్య పెరిగిందన్నమాట. బందరు ఉక్కలో అల్లిక పెట్టుకున్న ఇల్లాలిని చూసి ఇక ఎవరూ నవ్వక్కర్లేదు.

అక్కణ్ణించి అది యూరపు చేరింది. అక్కడ మొదట్లో అల్లిక పనివారి సంఘాలు మగవాళ్ళవే. 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు ఇవ్వలేదు. చేత్తో అల్లుకుని బతికే బీదవాళ్ళ నోటి దగ్గర కూడు పోతుందని ఆవిడ భయపడిందని కథగా చెప్పుకుంటారు. యంత్రం వచ్చాక డబ్బు యంత్రం వెనకాలే పోయింది. చేతి అల్లిక ఇంట్లో ఆడవాళ్ళకు మిగిలింది. లాభం పోయిన పని ఆడవాళ్ళ పని కావడం ఆ ఒక్క దేశంలోనే, ఆ ఒక్కసారే జరిగిన వింతేమీ కాదు లెండి.

మన రేవు సంగతి చూద్దాం. బట్టల వర్తకంలో బందరు పేరు ప్రపంచానికి తెలుసు. ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ దిగారు, డచ్చివాళ్ళు అంతకుముందే వచ్చి కూర్చున్నారు. కలంకారీ అద్దకం ఈనాటికీ పక్కనున్న పెడనలో సాగుతూనే ఉంది. వర్తకుల లెక్కల్లో బేళ్ళున్నాయి, ధరలున్నాయి, ఓడల పేర్లున్నాయి. ఇంట్లో కూర్చుని రాట్నం తిప్పి ఆ నూలు వడికిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం వెతికినా కనబడవు.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు బందరు వచ్చారు. తరవాత ఈ తీరమంతటా మిషను బడులు వెలిశాయి. ఆడపిల్లల బడుల్లో అక్షరాలతోపాటు కుట్టుపని, అల్లిక పని నేర్పడం అప్పటి పద్ధతి. కొక్కెం ఉన్న చిన్న సూదితో తెల్లదారాన్ని పువ్వులుగా, ఆకులుగా అల్లే క్రోషా పని అలా మన ఇళ్ళల్లోకి వచ్చింది. జాకెట్టు చేతులకూ, దిండు గలీబులకూ అల్లిన అంచులూ, రేడియో మీద కప్పే గుడ్డా, పెళ్ళిచూపులనాడు "అమ్మాయి అల్లిందండీ" అని చూపించిన కుర్చీ కవర్లూ అన్నీ ఆ సూది సంతానమే.

ఈ సూది చరిత్రలో అసలు ఘట్టం చూడాలంటే గుడివాడ జంక్షనులో బండి మారాలి. బెజవాడ నించి బందరుకు 1908లో రైలు పడింది. గుడివాడలో దాన్ని విడిచి భీమవరం మీదుగా పోయే బండి ఎక్కితే నర్సాపురం చేరతారు. పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడి మిషనరీ కుటుంబాలు పేద స్త్రీలకు లేసు అల్లడం నేర్పాయి. సరిగ్గా ఆ శతాబ్దపు నడిమి రోజుల్లోనే, బంగాళాదుంప పంట పోయి ఐర్లండు కరువుతో అల్లాడినప్పుడు, అక్కడ సన్యాసినులూ గొప్పింటి ఆడవాళ్ళూ బీద స్త్రీలకు ఇదే క్రోషా పని నేర్పి పూట గడిపించారు. ఆకలి వేసినచోట ఆడదాని చేతికి సూది ఇవ్వడం అప్పటి పరోపకారం.

నర్సాపురంలో మొదట క్రైస్తవ కుటుంబాల్లో మొదలైన పని మెల్లిగా గడప దాటని ఘోషా ఇళ్ళల్లోకీ వెళ్ళింది. పరువు పోకుండా, వీధి మొహం చూడకుండా నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు గదా! ఏజెంటు దారం తూచి ఇస్తాడు. ఒకావిడ పువ్వులు అల్లుతుంది, దాన్ని చేతిపని అంటారు. ఇంకొకావిడ వాటిని కలుపుతుంది, అది అతుకుపని. ఎవరు అల్లిన పువ్వు ఎవరి బల్ల మీద పరుచుకుందో ఎవరికీ తెలియదు. సరుకు మాత్రం సముద్రాలు దాటి పోతుంది.

మరియా మీస్ అనే జర్మనీ విద్వాంసురాలు ఆ వీధుల్లో తిరిగి, ఆ స్త్రీలతో కూర్చుని మాట్లాడి, 1982లో నర్సాపురం లేసుకత్తెల మీద ఒక పుస్తకం అచ్చువేసింది. ఆవిడ పట్టుకున్న కీలకం చాలా చిన్నది. ఈ స్త్రీలు వంటా వార్పూ చూసుకుని, పిల్లల్ని సాకి, ఆ పైన రోజుకు ఆరు నించి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. అయినా అది పని కాదట! "ఇంట్లో ఆడవాళ్ళు, తీరిక వేళ ఏదో అల్లుకుంటారు" అనడం అందరికీ అలవాటైపోయింది. పనే కానప్పుడు దానికి కూలీ ఎంత ఇస్తే మాత్రం ఏం? ఎగుమతిదారుల మేడలు లేచాయి, అల్లినవాళ్ళ కళ్ళు మసకబారాయి. 2024లో నర్సాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషమే. గంటకు తగ్గ కూలీ కూడా అదే దారిన రావాలి.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, అల్లిక మనసుకు ఊరట అని మనం ముచ్చటగా చెప్పుకునేముందు దీన్ని మరిచిపోకూడదు. దీపం ముందు కూర్చుని రేపటికి డజను పువ్వులు ఏజెంటుకు అప్పచెప్పాల్సిన మనిషికి ఆ సూది ఊరట కాదు. అదే సూది, అదే దారం. ఒకరికి విశ్రాంతి, ఇంకొకరికి బండెడు చాకిరీ. తేడా ఎక్కడుంది? ఆ గంట ఎవరిది అన్నదాంట్లో ఉంది.

తనదైన గంట కోసం మన బందరు స్త్రీలు కూడా ఆలోచించారు. 1902లో భండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీరత్నమాంబగారు కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. కడుపున పుట్టిన ఇద్దరు బిడ్డల్నీ పసితనంలోనే పోగొట్టుకున్న తల్లి అచ్చమాంబగారు. ఆవిడ చేత పట్టింది సూది కాదు, కలం. పాతకాలపు స్త్రీల చరిత్రలు వెతికి రాసింది. ఆ దుఃఖాన్ని ఏదో ఒక చేతిపనిలో పెట్టకపోతే మనిషి నిలవలేదని ఆవిడ జీవితం చెబుతుంది. చిన్న వయసులోనే, 1905లో వెళ్ళిపోయింది.

1921లో బెజవాడలో కాంగ్రెసు పెద్దలు సమావేశమై దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాల అప్పటికే పదేళ్ళ పైబడి చేతిపనుల్ని చదువుతో సమానంగా చూస్తున్న చోటు. జెండా పింగళి వెంకయ్యగారు అక్కడ పాఠాలు చెప్పినవారే. పత్తి మీద ఆయన చేసిన కృషికి జనం "పత్తి వెంకయ్య" అనీ పిలిచారు. అటకెక్కిన రాట్నాలు మళ్ళీ సావిట్లోకి దిగాయి. అంతకుముందు కాలక్షేపం అన్న పనే రాత్రికి రాత్రి దేశసేవ అయింది! 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడూ అంతే. మంచుకొండల్లో జవాన్లు వణుకుతున్నారని విని దేశమంతటా ఆడవాళ్ళు ఊలు స్వెట్టర్లు అల్లి పంపారు. మగవాళ్ళకు అవసరం పడ్డ రోజున ఆడదాని అల్లిక విలువ అందరికీ ఠక్కున తెలుస్తుంది.

దివిసీమది ఇంకో రకం అల్లిక. నాగాయలంక, కోడూరు వైపు సముద్రపు ఒడ్డు పల్లెల్లో వలే ఇంటికి ఆస్తి. వల అల్లడం, చిరుగులు బాగుచేయడం ఇంటిల్లిపాదీ చేసుకునే పని. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టింది. పోయినవారు సర్కారు లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది. ఇళ్ళూ, గొడ్లూ, పడవలూ, వలలూ అన్నీ పోయాయి. తరవాత సాయం చేయ వచ్చినవాళ్ళు బియ్యమూ గుడ్డలూ ఇచ్చాక, పడవలూ వలలూ సమకూర్చడం మొదలుపెట్టారు. ఎందుకంటారా? తిండి ప్రాణం నిలుపుతుంది. మనిషిని మళ్ళీ మనిషిగా నిలబెట్టేది చేతిలో పని. అంత శోకానికి అల్లిక మందని చెబితే అది అబద్ధం. కాని మర్నాడు లేచి ఏం చెయ్యాలో తెలియని మనిషికి కన్ను తరవాత కన్ను ముడివేసుకుంటూ పోయే పని ఉండడం కొంత ఆసరా.

ఇప్పుడు మన మామూలు రోజులకు వద్దాం. పనిమనిషి రాలేదు. కుళాయి మోటారు చెడింది. అబ్బాయి అమెరికానుంచి ఆదివారం చేస్తానన్న ఫోను చెయ్యలేదు. అమ్మాయి కాపురానికి వెళ్ళి ఇల్లు బావురుమంటోంది. కొత్తకోడలు వచ్చి వంటింట్లో డబ్బాలన్నీ తన పద్ధతికి మార్చేసింది. వీటిలో ఏదీ కోర్టుకెక్కే కష్టం కాదు. ఎవరితో చెప్పుకున్నా "ఓస్, అంతేనా" అంటారు. గుండెలో మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇంటిపనికి ఒక శాపముంది చూడండి. పొద్దున తోమిన గిన్నె మధ్యాహ్నానికి అంటు. ఉతికి మడతపెట్టిన చీరె సాయంత్రానికి మళ్ళీ మాసినగుడ్డ. ముప్ఫై ఏళ్ళు చేసినా "ఇదిగో, నేను చేసింది" అని చూపించడానికి వేలెడు మిగలదు. అల్లిక అలా కాదు. నాలుగు వరసలు వేస్తే నాలుగు వరసలూ ఉంటాయి. రేపు తీసినా అక్కడే ఉంటాయి. తప్పు పడిందా, విప్పేస్తారు. దారం ఎక్కడికీ పోదు, మళ్ళీ వేసుకోవచ్చు. సంసారంలో అన్న మాటను అలా విప్పుకునే వీలుంటే ఎంత బాగుండేదో!

ఇంకో సంగతి. ఆడది వట్టి చేతులతో కూర్చుంటే ఇంట్లో ఎవరికో ఒకరికి కాఫీ కావాలనిపిస్తుంది. చేతిలో సూదులుంటే "పనిలో ఉంది" అని వాళ్ళే వెళ్ళి కలుపుకుంటారు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోలేని మాట, ఇద్దరి చూపూ దారం మీద ఉన్నప్పుడు సులువుగా వచ్చేస్తుంది. 2013లో బ్రిటనులో పరిశోధకులు ప్రపంచం నలుమూలలా అల్లికపని చేసే మూడున్నర వేలమందికి పైగా మనుషుల్ని ప్రశ్నలడిగారు. తరచుగా అల్లేవాళ్ళల్లో ఎక్కువమంది మనసు కుదుటపడుతుందనీ, సంతోషంగా ఉంటుందనీ చెప్పారట. అడిగింది అల్లిక ఇష్టమున్నవాళ్ళనే కనక ఆ లెక్కను కాస్త తగ్గించుకుని చూడండి. తగ్గించినా మిగిలేది తక్కువేమీ కాదు.

గుడివాడ చుట్టుపక్కల పల్లెలనించి కూతురికి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళే తల్లుల పెట్టెల్లో ఆవకాయ, కారప్పొడి పక్కన ఓ ఊలు టోపీ, ఓ జత బుల్లి మేజోళ్ళు ఉండడం ఇవాళ మామూలే. బందరులో పనికిరాని స్వెట్టరుకు అక్కడ మంచు కురిసే ఊళ్ళో పని దొరికింది. పిల్లలు దూరమయ్యారన్న బాధే ఆ ఊలుకు గిరాకీ తెచ్చింది.

అల్లిక కష్టాన్ని తీర్చదు. కొట్టే మొగుణ్ణీ, కూలీ ఎగ్గొట్టే ఏజెంటునూ సూదితో బాగుచెయ్యలేం. వాటికి వేరే మందులున్నాయి, గట్టిగా అడిగి తీసుకోవాల్సినవి. సూది ఇచ్చేదల్లా ఒక గంట ఊపిరి. కాబట్టి ఈసారి లేసు అంచు కొనేటప్పుడు బేరమాడేముందు అందులో ఎన్ని గంటలున్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. మీరు అల్లుకునే గంటకు మాత్రం ఎవరికీ లెక్క చెప్పకండి.