లామూ రేవున ఓడ తప్పినవారు



అనంతపురము జిల్లాలో పుట్టి పెరిగిన మనకు సముద్రము పురాణములలో విన్న వస్తువే కాని కన్నులార చూచినది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు వేళకు రాని వాన, మన పాలు. చెరువు మరవ పారిన సంవత్సరమును ఇంటిలో పెండ్లి జరిగిన సంవత్సరమువలె గుర్తుంచుకొనువారము మనము. ఇట్టి మీ యెదుట నేడు ఓడ తప్పిపోయినవారి చరిత్ర చెప్పబూనితిని. ఎండిన కుంటగట్టున కూర్చుండి ఓడల ముచ్చట్లేల అని మీరు నవ్వవచ్చును. కడవరకు వినుడు. ఆ కథ మన గుంతకల్లు స్టేషనుకును, మన వలసబండ్లకును దగ్గరదే యని మీకే తోచును.

1893వ సంవత్సరము ఏప్రిలు మాసమున బొంబాయి రేవునుండి ఒక పొగయోడ ఆఫ్రికా దేశమునకు బయలుదేరెను. అందులో ఇరువదిమూడేండ్ల బారిష్టరు ఒకడు కలడు. అతడు మోహనదాసు గాంధి. స్వదేశమున వృత్తి సాగక, దాదా అబ్దుల్లా అను వర్తకుని వ్యాజ్యమునకు సాయపడుటకై, ఏడాదికి 105 పౌనుల జీతముమీద దక్షిణాఫ్రికాకు పోవుచుండెను. మొదటి తరగతిలో చోటు లేదనిరి. మొజాంబికు గవర్నరు జనరలు పరివారముతో ఓడ నిండియుండెను. డెక్కు మీద పోవుట బారిష్టరునకు తగదని ఆ దినములలో అతని తలంపు. తుదకు ఓడలోని ప్రధానోద్యోగి తన గదిలోనే ఒక పడక యిచ్చెను. కప్తానునకు చదరంగమనిన ప్రీతి. గాంధికి ఆట రాదు. రానివాడు దొరకుటయే కప్తానునకు సంతోషమయ్యెను. ఇట్లు వారిరువురికి స్నేహము కలిసెను. ఈ స్నేహమును జ్ఞాపకముంచుకొనుడు, దీనితో మనకు పనియున్నది.

సుమారు పదుమూడు దినములకు ఓడ లామూ అను రేవు చేరెను. ఇది ఆఫ్రికా తూర్పు తీరమున, నేటి కెన్యా దేశములోని చిన్న దీవి. దాని ప్రాచీన పట్టణమును 2001లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఎదుట మాండా అను మరియొక దీవి. రెండింటి నడుమ సన్నని కాలువవంటి సముద్రపుపాయ. ఓడ అక్కడ మూడు నాలుగు గంటలు మాత్రమే నిలుచును. గాంధి ఊరు చూడ దిగెను. ఈ రేవునీరు నమ్మరానిది, వేళకు మరలి రమ్మని కప్తాను ముందే హెచ్చరించెను.

ఆ నీరు నమ్మరానిదగుటకు కారణము పోటు. సముద్రము దినమునకు రెండుమారులు పొంగి రెండుమారులు తగ్గును. పున్నమకును అమావాస్యకును ఆ పొంగు హెచ్చు. ఇరుకైన పాయలో ఆ నీరంతయు దూరి రావలసివచ్చినపుడు వడి మిక్కుటమగును. మనకు చిత్రావతి చాలును ఉపమానమునకు. పదునొకండు నెలలు ఇసుకయై పడియున్న ఏటిలో పైన ఎచ్చటనో వాన కురిసి, మన తలపై ఎండ కాయుచుండగనే ఎర్రనీరు వచ్చి బండిని త్రోసికొనిపోవుటను ముదుసళ్లు కొందరు చూచియే యుందురు. ఆ వడిని దినమునకు రెండుమారులు ఊహించుకొనుడు.

గాంధి ఊరిలోని తపాలా కచ్చేరికి పోయెను. అక్కడి గుమాస్తాలు హిందూదేశస్థులగుట చూచి సంతసించి మాటలాడెను. అచ్చటి ప్రజల నడవడిని విచారించెను. ఓడలో పరిచయమైన డెక్కు ప్రయాణికులు కొందరును దిగియుండిరి. వారు దిగినది విలాసమునకు కాదు. నేలమీద పొయ్యి పెట్టి, ఒక పూట వండుకొని, కుదురుగా కూర్చుండి తినుటకు. అందరును ఒకే పడవలో మరలిరి. పడవ మోయవలసినదానికంటె బరువు హెచ్చెను. పోటు వడిగా నుండెను. పడవ ఓడ నిచ్చెనను తాకును, తాకిన మరుక్షణమే ప్రవాహము దానిని లాగికొనిపోవును. మరల తాకును, మరల తొలగును. ఇంతలో బయలుదేరుటకు మొదటి కూత వినిపించెను.

పైనుండి కప్తాను ఇదంతయు చూచుచుండెను. చదరంగపు స్నేహితుడు గదా! ఓడను ఇంకొక అయిదు నిమిషములు ఆపుమని ఆజ్ఞాపించెను. దగ్గరనున్న మరియొక పడవను పది రూపాయలకు గాంధికొరకు ఒక మిత్రుడు మాటలాడెను. ఆ పడవ వచ్చి గాంధి నొక్కనిని ఎక్కించుకొనెను. అప్పటికి నిచ్చెనను పైకి లాగివేసిరి. త్రాడు దింపి, దానిని పట్టుకొన్న గాంధిని పైకి చేదిరి. మన బావిలో కడవను చేదినట్లే యనుకొనుడు. వెంటనే ఓడ కదలెను. తక్కిన ప్రయాణికులు క్రిందనే నిలిచిపోయిరి.

ఈ సంగతి నేను కల్పించినది కాదు. గాంధిగారు స్వయముగా గుజరాతీ భాషలో వ్రాసి, 1925 మొదలు 1929 వరకు నవజీవను పత్రికలో ప్రకటించిన ఆత్మకథ రెండవ భాగమున ఉన్నది. చదివినవారందరు త్రాటిపై పైకి పోయిన యువకుని జ్ఞాపకముంచుకొందురు. నేనును పిల్లలకు నలుబది యేండ్లు పాఠము చెప్పినపు డట్లే చెప్పితిని. "ఆ త్రాడు తెగియుండినచో భారతదేశ చరిత్రమే మారియుండును" అని గట్టిగా పలికి పిల్లలను ఆశ్చర్యపరచుట నాకు వాడుక. ఉద్యోగము విరమించిన పిమ్మట ఆ పుటను తీరికగా మరల చదివి సిగ్గుపడితిని. ఓడ తప్పినచో అతడు తరువాతి ఓడకు పోయెడివాడు. కొన్ని దినములో, కొన్ని వారములో జాగయ్యెడిది. అంతియే. నేను విడిచిపెట్టినది ఆ పుటలోని కడపటి మాట. ఒక పడవెడు జనులు అక్కడ నిలిచిపోయిరి. వారి పేరు లేదు, ఊరు లేదు. వారి మూటలు ఓడమీద పోయినవో, చేతిలో నున్నవో లేదు. వారిని విడిచి తాను పైకెక్కితినను సంగతిని ముప్పదియేండ్లు దాటినను ఆయన మరువలేదు, వ్రాయక విడువలేదు. మాస్టరునైన నేను మాత్రము విడిచితిని.

వారు నేలకు దిగి వండుకొనవలసిన యవసరమేమి అని అడుగవచ్చును. మన ధర్మశాస్త్రములలో సముద్రయానము నిందింపబడినది. బౌధాయనుడు దానిని ఉత్తరదేశీయుల ఆచారములలో నొకటిగా పేర్కొనుచునే పాతకములలోను లెక్కించెను. సముద్రము దాటిన ద్విజుని మరల స్వీకరించుట కలివర్జ్యములలో చేరినది. 1888లో లండనుకు పోవుచున్నాడని గాంధిని బొంబాయిలోని కులపెద్దలు వెలివేసిరి. ఇట్టి కట్టుబాటులున్న కాలమున పొట్టకొరకు ఓడ యెక్కినవాడు ఆచారమును పూర్తిగా వదలలేక, ఉన్నంతలో కాపాడుకొనుచుండెను. డెక్కు మీద గాలికి, ఉప్పునీటికి, గుంపుకు నడుమ పొయ్యి వెలిగించుట కష్టము. కనుక రేవు వచ్చినపుడు దిగి, మడిగానో, కనీసము మనశ్శాంతిగానో ఒక ముద్ద తినవలెనని ఆశ. ఆ ముద్ద అన్నమే వారిని ఓడకు దూరము చేసెను. మొదటి తరగతివానికి ఈ యక్కర లేదు. అతనికి భోజనము బల్లమీదికే వచ్చును. కావున ఓడ తప్పుటయందును పేదకు ధనికునకు భేదమున్నది.

సముద్రము విడిచిపెట్టినవారి యెడల ఎట్లు నడువవలెనో మన తెలుగు రాజొకడు ఏడువందల యేండ్లకు పూర్వమే శాసనము వేసెను. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకు మునుపు తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును, బంగారము ఏనుగులు గుఱ్ఱములు సైతము, రాజులు దోచుకొనుచుండిరి. ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చినవాని సొత్తును, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు ముట్టమని గణపతిదేవుడు మాట యిచ్చెను. ఆపదలోనున్నవాని సొమ్ము రాజునకు లాభము కారాదనుట ఆ శాసనపు సారము. పురాణమున శరణాగత రక్షణము వింటిమి, శిలపై చెక్కిన రాజాజ్ఞగా దానిని మోటుపల్లిలో చూచుచున్నాము.

అట్టి తెలుగుదేశమునుండి పందొమ్మిదవ శతాబ్దమున జనులు కూలికై ఓడలెక్కిరి. 1860 అక్టోబరులో చెన్నపట్టణమున బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16వ తేదీన 342 మందితో నేటాలు చేరెను. అది మొదలు 1911లో ఆ పద్ధతి నిలిచిపోవువరకు సుమారు 1,52,000 మంది ఒప్పందపు కూలీలు నేటాలునకు పోయిరి. వారిలో మూడింట రెండువంతులు చెన్నపట్టణపు రేవునుండి పోయిన తమిళులును తెలుగువారును. అయిదేండ్ల ఒప్పందము. గడువు తీరినవాడు తిరిగిపోవలె, లేదా మరల కూలికి ఒప్పుకొనవలె, లేదా తలకు ఏటేట మూడు పౌనుల పన్ను కట్టవలెనని 1895లో అక్కడి ప్రభుత్వము చట్టము చేసెను. లామూలో త్రాడు పట్టుకొని పైకెక్కిన యువకుడే ఈ పన్నుతో పోరాడి, 1914లో అది రద్దగువరకు నిలిచెను. మొదటి తరగతి పడక వెదకిన మనిషి తరువాత తానుగా మూడవ తరగతిలో తిరుగ నేర్చెను. ఇదంతయు లామూ వలననే జరిగెనని నేననను. అట్లనుట మరల నా పాత పాఠమే యగును. ఆయన వ్రాసినది చూచి ఇంతమాత్రము చెప్పుదును: వెనుక నిలిచినవారిని ఆయన లెక్కలోనుండి తీసివేయలేదు.

మన జిల్లాలోని వారొకరును ఈ లెక్క చూచిరి. గుత్తిలో వకీలుగా నుండిన దివాన్ బహద్దూర్ పట్టు కేశవపిళ్ళెగారు, 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసునకు ప్రతినిధిగా పోయినవారు, 1922లో దక్షిణ అమెరికాలోని బ్రిటిషు గయానాకు హిందూదేశపు ప్రతినిధి సంఘముతో ఓడలో పోయిరి. అక్కడి భారతీయ కూలీల స్థితిగతులను విచారించి, సహసభ్యుడగు తివారీగారితో కలిసి నివేదిక సమర్పించిరి. సముద్రము లేని గుత్తికోట నీడనుండి ఒక పెద్దమనిషి, అరువదియేండ్లు దాటిన వయసున, ఎవరెవరు ఎట్లున్నారో చూచివచ్చుటకు అంతదూరము పోయెను. మన సీమ పెద్దరికమునకు ఇది తగిన తార్కాణము.

రంగూనులో 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి బాంబులు పడినపుడు మన కోస్తా తెలుగువారు వేలకొలది అక్కడి రేవులోను మిల్లులలోను కూలి చేయుచుండిరి. సొమ్మును పలుకుబడియు కలవారికి ఓడలో చోటు దొరకెను. దొరకని వారు అరకాను కొండలగుండను, మణిపూరు త్రోవను కాలినడకను బయలుదేరిరి. ఆకలికిని కలరాకును త్రోవలో రాలిపోయినవారు పెక్కుమంది. లామూలో ఒక పడవ, రంగూనులో ఒక జనసముద్రము. కథ ఒక్కటియే.

ఇక నా సొంత మాట యొకటి చెప్పి ముగింతును. నాకు పండ్రెండేండ్ల వయసున, ఒక కరవు సంవత్సరమున, మా నాయనగారితో గుంతకల్లులో బండికై కాచుకొనియుంటిని. ఎదుటి బండిలో పనికై దూరదేశము పోవుచున్న కుటుంబమొకటి కలదు. భార్య, ఇద్దరు పిల్లలు. మగడు చెంబు తీసికొని కొళాయి దగ్గరకు దిగెను. అక్కడ గుంపు. చెంబు నిండువరకు బండి కదలెను. అతడు పరుగెత్తెను, కాని చెంబులోని నీరు తొణకకుండ చేతితో మూసికొని పరుగెత్తెను. అది చూచి నేను నవ్వితిని. బండి పోయెను. మా నాయన నావైపు చూచి, "నీరు పారబోసినవాడయితే ఎక్కియుండును రా. పిల్లలకని పట్టుకొన్నాడు" అనెను. అంతే, మరి మాట లేదు. లేచి పోయి స్టేషనులో చెప్పి తరువాతి స్టేషనుకు కబురంపించెను. మా పెరుగన్నములో సగము అతనికి పెట్టెను. రాత్రి బండికి టిక్కెట్టు కొని యిచ్చెను. మా దగ్గర మిగిలిన డబ్బు చాలక, మేము మరునాడు ఊరికి నడచి పోతిమి. త్రోవ పొడుగున నా నవ్వే నాకు ముల్లువలె గ్రుచ్చుకొనుచుండెను. లామూ పుటను చదివి తలవంచుకొన్న నాడు నాకు మొదట జ్ఞాపకము వచ్చినది ఆ చెంబే.

పెద్దలారా, వానలు తప్పిన యేట మన పల్లెలనుండి బెంగుళూరునకును, ఇతర పట్టణములకును కూలికి పోవువారు నేటికిని కలరు. వారిని బండి యెక్కించునపుడు చెప్పవలసిన బుద్ధులు మీరెరుగుదురు. నేను కోరునది వేరు. పోయినవారు ఎందరు, చేరినవారు ఎందరు, నడుమ నిలిచినవారెవరు అని గ్రామమున ఒకరైనను పేర్లు వ్రాసి పెట్టుడు. పండుగకు తిరిగిరాని ఇంటికి పోయి అడుగుడు. కప్తాను అయిదు నిమిషములు ఓడను ఆపెను, అది స్నేహితుని కొరకు. స్నేహము లేనివాని కొరకు ఆ అయిదు నిమిషములు ఆపగలిగిన గ్రామమే గ్రామము.