బట్టల డ్రయ్యర్: వేడిగాలి పోయే దారి సరిగా ఉందా?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అక్కడ కొత్తగా అలవాటయ్యే వస్తువుల్లో బట్టల డ్రయ్యర్ ఒకటి. ఇక్కడ డాబా మీద తీగ కట్టి ఆరేసుకునే బట్టలు అక్కడ గంటలోపే ఆరిపోయి చేతికొస్తాయి. అయితే యంత్రం వెనకాల ఉండే గొట్టాన్ని చాలామంది పట్టించుకోరు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. అమెరికా ప్రభుత్వ సంస్థ యు.ఎస్. ఫైర్ అడ్మినిస్ట్రేషన్ అంచనా ప్రకారం ఆ దేశపు ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు జరుగుతున్నాయి. వీటికి ముఖ్య కారణం శుభ్రం చేయకపోవడమే.

మంట ఎలా పుడుతుంది?

తడి బట్టల్లోంచి వెళ్లే వేడిగాలి తేమతో పాటు సన్నటి నూలు పీచును కూడా లాక్కెళ్తుంది. దీన్నే లింట్ అంటారు. కొంత జల్లెడలో ఆగుతుంది, మిగతాది గొట్టంలోకి పోతుంది. గొట్టం నలిగినా, మరీ పొడవైనా గాలి వేగం తగ్గి పీచు లోపల పేరుకుంటుంది. దారి మూసుకుపోయే కొద్దీ యంత్రం వేడెక్కుతుంది. ఎండిన పీచు దూదిలా ఇట్టే భగ్గుమంటుంది.

గ్యాస్‌తో నడిచే డ్రయ్యర్ అయితే ఇంకో ముప్పు ఉంది. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. అలాంటి ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి.

గొట్టం ఎలా ఉండాలి?

* 4 అంగుళాల వ్యాసంతో, లోపల నున్నగా ఉండే గట్టి లోహపు గొట్టం వాడాలి. ప్లాస్టిక్ గొట్టం అస్సలు వద్దు.
* అక్కడి నివాస భవన నియమావళి సాధారణంగా 35 అడుగుల వరకు అనుమతిస్తుంది. మామూలు 90 డిగ్రీల వంపు ఒక్కోదానికి 5 అడుగులు తగ్గించుకోవాలి. అంటే రెండు వంపులుంటే 25 అడుగులే. కంపెనీ మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే అదీ చూసుకోవాలి.
* అతుకులకు లోహపు ఫాయిల్ టేపు వేయాలి. లోపలికి పొడుచుకొచ్చే స్క్రూలకు పీచు చిక్కుకుంటుంది.
* గాలి ఇంటి బయటికే పోవాలి. అటకలోకో, గ్యారేజీలోకో వదలకూడదు. చలికాలంలో ఇల్లు వెచ్చబడుతుందని లోపలే వదిలితే గోడలకు తేమ, బూజు పడతాయి.
* బయటి మూతికి గాలికి తెరుచుకునే రెక్క ఉండాలి. జాలీ బిగించకూడదు, పీచు దానికే అడ్డుపడుతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆపేయండి

ఒక్కసారికి బట్టలు ఆరకపోవడం, యంత్రం పైభాగం కాలిపోయేంత వేడెక్కడం, మాడు వాసన, బయటి రెక్క తెరుచుకోకపోవడం. వీటిలో ఏది కనిపించినా గొట్టం శుభ్రం చేయించేదాకా వాడొద్దు. అద్దె ఇల్లయితే యజమానికి రాతపూర్వకంగా తెలపడం మంచిది.

రోజువారీ జాగ్రత్తలు

ప్రతిసారీ జల్లెడ తుడవాలి. ఏడాదికోసారైనా గొట్టం మొత్తం శుభ్రం చేయించాలి. వంటనూనె పీల్చుకున్న గుడ్డలు ఉతికాక కూడా డ్రయ్యర్‌లో వేయొద్దు. మిగిలిన నూనె వేడికి దానంతటదే రాజుకోవచ్చు. యంత్రం ఆన్ చేసి పడుకోవడం, బయటికెళ్లడం మానుకోవాలి.

మన దగ్గర అపార్ట్‌మెంట్లలోనూ డ్రయ్యర్లు కనిపిస్తున్నాయి. కండెన్సర్, హీట్ పంప్ రకాలకు బయటికి గొట్టం అక్కర్లేదు, కానీ జల్లెడ శుభ్రం మాత్రం వాటికీ తప్పదు.