తంజావూరు ప్రదర్శనశాలలు: కనిపించేవి, కనిపించనివి

తెలుగు సాహిత్య చరిత్రలో 'దక్షిణాంధ్ర యుగం' అనే అధ్యాయాన్ని మనమంతా చదువుకున్నవాళ్లమే. రఘునాథ నాయకుడు, విజయరాఘవుడు, చేమకూర వెంకటకవి, రంగాజమ్మ - ఈ పేర్లను పరీక్షల కోసం వల్లించాం. ఆ యుగాన్ని క్షీణయుగమని కొట్టిపారేసిన విమర్శకులూ ఉన్నారు, స్వర్ణయుగమని నెత్తిన పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఆస్థానాలకు అన్నం పెట్టిన చేతులు ఎవరివని మాత్రం ఉభయులూ అడగలేదు. ఆ ప్రశ్నతోనే తంజావూరు ప్రదర్శనశాలలను చూడాలని నా అభిప్రాయం.

నాయకరాజులు, మరాఠా రాజులు నివసించిన ప్రాసాదంలో 1951లో కళాప్రదర్శనశాల ఏర్పడింది. చోళుల కాలపు కంచు విగ్రహాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. తిరువెంకాడు మట్టిలోంచి బయటపడిన 11వ శతాబ్దపు వృషభవాహనమూర్తి వాటిలో ముఖ్యమైనది. శివుడు ఎద్దు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాని ఎద్దు లేదు. చెయ్యి శూన్యం మీద ఆని ఉంది. చూపరులు శివుని వయ్యారాన్ని మెచ్చుకుని ముందుకు సాగిపోతారు. కావేరి డెల్టా సంస్కృతిని కూడా మనం ఇలాగే చూస్తున్నాం.

రాజరాజు కట్టించిన పెద్దగుడి గోడలనే చూడండి. 400 మంది ఆలయ స్త్రీలకు ఇళ్లు, వడ్లు కేటాయించిన వివరం పేరుపేరునా శాసనంలో చెక్కి ఉంది. వడ్లకు లెక్క ఉంది. వాటిని పండించిన కూలీల పేర్లు ఆ పట్టికలో లేవు.

ప్రాసాదంలోనే సరస్వతీ మహల్ గ్రంథాలయం, దాని ప్రదర్శనశాల ఉన్నాయి. 1799 ఒప్పందంతో రాజ్యాధికారాన్ని ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్న రెండవ శరభోజీ గ్రంథసేకరణలో పడ్డాడు. 1918లో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. మన తాళపత్రాలు ఎన్నో అక్కడ భద్రంగా ఉన్నాయి. మరాఠీ రాజు శాహజీ (1684-1712) తమిళ నేల మీద తెలుగులో 'సతీదాన శూరము' అనే యక్షగానం రాశాడు. అంటరాని కులపు స్త్రీని మోహించిన బ్రాహ్మణుణ్ణి అందులో నవ్వులపాలు చేశాడు. ఆ సాహసాన్ని మెచ్చుకోవలసిందే. అయితే ఆ స్త్రీ మాత్రం భర్త దానమిచ్చే వస్తువుగానే మిగిలిపోయింది. రాజాస్థానపు హాస్యానికి ఉన్న హద్దు అది.

ఈ డెల్టాలోనే, కీళ్వెణ్మణి గ్రామంలో, 1968 డిసెంబరు 25న 44 మంది దళితులను గుడిసెలో సజీవదహనం చేశారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. కూలి పెంచమని అడగడమే ఆ కూలీలు చేసిన నేరం. ఆ ఊళ్లో వారి స్మారకం ఉంది. తంజావూరు వెళ్లే సాహిత్య విద్యార్థులు ఆ ఊరికీ వెళ్లాలి. విగ్రహం పక్కన లేని ఎద్దు ఏమైందో అక్కడ తెలుస్తుంది. దక్షిణాంధ్ర యుగాన్ని తిరిగి రాయబోయే వాళ్లు ఆ రెండు చోట్లూ చూశాకే కలం పట్టాలి.