ఏసుక్రీస్తు నుంచి దిలీప్ కుమార్ దాకా

1955లో వచ్చిన హిందీ సినిమా ‘ఆజాద్’ తయారైంది బొంబాయిలో కాదు, కోయంబత్తూరులో! దిలీప్ కుమార్, మీనాకుమారి పెట్టేబేడా సర్దుకుని ఈ నూలుమిల్లుల ఊళ్లో దిగారు. రప్పించినవాడు అక్కడి తెలుగు నాయుడు, పక్షిరాజా స్టూడియో అధిపతి ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు. ఈ సంగతి తెలిశాక నాకు కుదురు లేదు. ఇవాళ దుబాయిలో తారలను దింపే ఈవెంట్ నిర్మాతలకు తాతలెవరా అని తవ్వడం మొదలుపెట్టాను.

మదురైలో తిరుమల నాయకుడి కొలువులో రెండువేల పదాలు చెప్పానని పదకర్త క్షేత్రయ్యే ఒక పదంలో లెక్క చెప్పుకున్నాడు. మొవ్వ నుంచి మదురైకి దారిబత్తెం ఎవరిచ్చారో మాత్రం చెప్పలేదు. ఈ చరిత్రంతా ఇంతే, పాడినవాడు మిగులుతాడు, పిలిపించి బండి కట్టించినవాడు మాయమవుతాడు. 1838లో తార్దివెల్ అనే ఫ్రెంచి వ్యాపారి పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం దేవదాసీలను పారిస్, లండన్ తీసుకెళ్లి ఆడించాడు. నర్తకి అమ్మణికి అక్కడ కంచుబొమ్మ పోశారు. తార్దివెల్‌ని తలిచేవాళ్లు లేరు.

నాకు మనసైన కాలం 1905 తర్వాతది. కోయంబత్తూరుకు చెందిన సామికణ్ణు విన్సెంట్ తిరుచ్చి రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్. ద్యుపాంట్ అనే ఫ్రెంచివాడు జబ్బుపడి ప్రొజెక్టరు, రీళ్లు అమ్మజూపితే కొనేసి, ఉద్యోగానికి నీళ్లొదిలాడు. గుడారం వేసుకుంటూ పెషావర్ దాకా వెళ్లాడు, బర్మా, మలయా చుట్టొచ్చాడు. ఆ రీళ్లలో ఒకటి ఏసుక్రీస్తు జీవితం. అంటే మన ప్రాంతం నుంచి దేశాలు తిప్పిన తొలి సినిమా తార ఏసుప్రభువే అనుకోవాలి. గదిలో ఏసీ లేదని అలగని తార!

ఆయన వెనకే మన మచిలీపట్నం రఘుపతి వెంకయ్య. మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుకుంటూ, 1910 ప్రాంతంలో ముప్పైవేలు పోసి క్రోనోమెగాఫోన్ తెప్పించాడు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన రికార్డు పలుకుతుంది. దాన్ని సిలోన్‌కూ రంగూన్‌కూ మోసుకుపోయాడు. రెండూ కలిసి నడవకపోతే ఈలలు ఆయనకే, గాలివానకు గుడారం లేచిపోతే నష్టమూ ఆయనదే. స్పాన్సరు వెనక దాక్కునే వీలు ఎక్కడుంది? ఆ తెగువ ఈ వ్యాపారంలో ఇప్పుడు లేదు, నాకదే బాధ. తిరిగి తిరిగి ఇద్దరూ 1914లోనే హాళ్లు కట్టారు. మద్రాసులో వెంకయ్య గెయిటీ, కోయంబత్తూరులో విన్సెంట్ వెరైటీ హాల్.

1935లో బి. రంగస్వామి నాయుడు, విన్సెంట్, శ్రీరాములు నాయుడు తదితరులు కలిసి సెంట్రల్ స్టూడియో పెట్టారు. దాన్నుంచి విడివడ్డాక శ్రీరాములు నాయుడుది పక్షిరాజా. ఒకే కథను ఆరు భాషల్లో తీశాడు మహానుభావుడు. ఎమ్జీఆర్‌తో ‘మలైక్కళ్లన్’, ఎన్టీఆర్‌తో ‘అగ్గిరాముడు’, దిలీప్‌తో ‘ఆజాద్’, సింహళంలో ‘సూరసేన’ కూడా. ‘ఆజాద్’ పాటలు నెల్లాళ్లలో కావాలంటే సంగీత దర్శకుడు నౌషాద్ మండిపడ్డాడనీ, సి. రామచంద్ర సరేనని కట్టేశాడనీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత వంతు విదేశీ వేదికలది. 1971లో ఘంటసాల అమెరికా, యూరప్‌లలో పాడారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగువారి సంఘం తానా మొదలైంది. 2012లో దక్షిణాది సినిమా అవార్డుల పండగ సైమా తొలి వేడుకే దుబాయిలో జరిగింది. వీసా కాగితాలు, వాయిద్యాల పెట్టెలు, హీరోగారి సహాయకుడి భోజనం చూసుకున్న మనిషి పేరు సావనీర్‌లో కృతజ్ఞతల పేజీ అడుగున ఉంటుంది, ఉంటే.