కొండెక్కిన ‘ఇండియన్’

1911 జులై 3. ఇంగ్లండుకీ ఐర్లండుకీ నడుమ సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవి. ఆ రోజు అక్కడ జరిగిన మోటార్‌సైకిల్ పందెంలో మొదటి మూడు స్థానాలనూ ‘ఇండియన్’ ఎగరేసుకుపోయింది. ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు నాకూ ఛాతీ పొంగింది. తర్వాతి వాక్యానికే గాలి దిగిపోయింది. ఇండియన్ అన్నది మనిషి కాదు, బండి. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో జార్జ్ హెండీ అనే సైకిళ్ల వ్యాపారి, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అనే మెకానిక్కు కలిసి 1901లో మొదలుపెట్టిన కంపెనీది. పేరు తప్ప మనకూ దానికీ చుట్టరికం లేదు. అయినా ఆనాటి పందెం కథ మనకు కావాల్సిందే. ఘాట్ రోడ్డు మీద ఫస్ట్ గేర్ వేసిన ప్రతిసారీ మనం వాడుకుంటున్నది ఆ దీవిలోని కొండ నేర్పిన పాఠాన్నే.

అరకు దారిలో అనంతగిరి దగ్గర కాఫీ తాగడానికి ఆగితే చాలు, ఏ ఆదివారమైనా ఈ చర్చ వినపడుతుంది. ‘మీది ఎత్తు లాగుతుందా?’, ‘ఇద్దరెక్కితే సెకండ్‌లో ఏడుస్తుందండీ’, ‘ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు తమ్ముడూ, న్యూట్రల్ చేయకు’. గేర్లే లేని రోజుల్లో కొండెక్కాలనుకున్నవాళ్ల అవస్థ ఏమిటో తెలిస్తే ఆ కాఫీ ఇంకాస్త రుచిస్తుంది.

పందేలకు ఆ దీవే ఎందుకంటే, కారణం చట్టం. అప్పట్లో బ్రిటన్‌లో రోడ్డు మీద గంటకు 20 మైళ్లు దాటకూడదు. పందెం కోసం రోడ్డు మూయడానికి లండన్ పార్లమెంటు ససేమిరా అంది. ఐల్ ఆఫ్ మ్యాన్‌కు టిన్‌వాల్డ్ అనే సొంత చట్టసభ ఉంది. అది 1904లో రోడ్లు మూసుకోవడానికి చట్టం చేసిపెట్టింది. ముందు కార్లు వచ్చాయి, మరుసటి ఏడు మోటార్‌సైకిళ్లు వచ్చాయి. కార్లు ఎక్కిన కొండ మోటార్‌సైకిళ్ల వల్ల కాలేదు. నిర్వాహకులు చేసేది లేక దారినే మార్చి, దక్షిణాన కాసిల్‌టౌన్ వైపు పల్లపు రోడ్ల మీద పందెం నడిపించారు. మోటార్‌సైకిలుకు ఇంతకంటే నామోషీ ఏముంటుంది?

1907లో టూరిస్ట్ ట్రోఫీ, పొట్టిగా టీటీ, మొదలైనప్పుడూ కొండ జోలికి పోలేదు. సెయింట్ జాన్స్ ఊరి చుట్టూ దాదాపు 16 మైళ్ల దారిలో పది చుట్లు. ఒక సిలిండరు బళ్లలో చార్లీ కోలియర్ మ్యాచ్‌లెస్ మీద గంటకు 38.21 మైళ్ల సగటుతో గెలిచాడు. అంటే 61 కిలోమీటర్ల పైచిలుకు. ఆ బండికి పెడళ్లున్నాయి. ఎత్తు వచ్చినప్పుడు ఇంజనుకు సాయంగా కాళ్లు ఆడించాలి. మన ఊళ్లలో పెడళ్ల మోపెడ్ మీద బియ్యం బస్తా వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కిన పెద్దవాళ్లకు ఈ విద్య కొత్తగా చెప్పక్కర్లేదు. రెండో స్థానంలో వచ్చిన ట్రయంఫ్ బండికి పెడళ్లు లేవు. ‘గెలిచింది ఇంజనా, కాళ్లా?’ అని గొడవ లేచింది. 1908 పందెంలో పెడళ్లు నిషేధించారు. ఆ ఏడాది ట్రయంఫే గెలిచింది.

ఇప్పుడు అప్పటి బండిని ఒకసారి దగ్గరికెళ్లి చూద్దాం. ఇంజను పక్కన చిన్న కప్పీ, వెనక చక్రానికి పెద్ద కప్పీ, రెండింటినీ కలుపుతూ ఒక బెల్టు. పిండిమర గుర్తొస్తే సరిగ్గా అదే. చాలా బళ్లకు క్లచ్ లేదు. బయలుదేరాలంటే బండిని తోసుకుంటూ పరిగెత్తి, ఇంజను అందుకోగానే ఎగిరి కూర్చోవాలి. ఆగితే ఇంజనూ ఆగుతుంది, మళ్లీ పరుగే. ఉన్నది ఒక్కటే నిష్పత్తి కాబట్టి పల్లంలో బాగా పోయేది కొండ మీద చతికిలబడుతుంది. పైగా వాన పడితే బెల్టు జారుతుంది. ఇంజను గింగిరాలు తిరుగుతుంటుంది, బండి మాత్రం కదలదు. మనిషి దిగి తోసుకుంటూ పోవాలి.

1911లో నిర్వాహకులు ఇక చాలనుకుని పందాన్ని కొండ దారికి మార్చారు. దీవిలోకెల్లా ఎత్తయిన స్నేఫెల్ కొండ, 621 మీటర్లు, దాని భుజం మీదుగా పోయే దారి. ఒక చుట్టు 37 మైళ్ల పైచిలుకు. రామ్సే ఊరు దాటగానే హెయిర్‌పిన్ మలుపు, అక్కడి నుంచి ఏకబిగిన ఎక్కుడు. తారు లేదు. గొర్రెలు దాటిపోకుండా కొండ మీద రోడ్డుకు అడ్డంగా గేట్లుండేవట, వాటిని తెరిచే పని ముందు వెళ్లినవాడిదేనట. ఈ దారి ప్రాక్టీసులోనే ఒక ప్రాణం తీసింది. రడ్జ్ బండి మీద వచ్చిన విక్టర్ సరిడ్జ్ గ్లెన్ హెలెన్ దగ్గర పడి చనిపోయాడు. టీటీలో అది మొదటి మరణం.

జులై 3 నాటి పెద్ద పందెం ఐదు చుట్లు, సుమారు 300 కిలోమీటర్లు. ఇండియన్ బండికి బెల్టు లేదు, గొలుసు ఉంది. రెండు గేర్ల పెట్టె ఉంది. ఇవేవీ హెడ్‌స్ట్రామ్ కొత్తగా కనిపెట్టినవి కావు, సైకిలుకు గొలుసు ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ బ్రిటిష్ మోటార్‌సైకిలు పెద్దల దృష్టిలో గొలుసంటే గరుకు, గేరంటే అనవసరపు బరువు. ఆ మాట కొండ దగ్గర చెల్లలేదు. లండన్ కుర్రాడు ఆలివర్ గాడ్‌ఫ్రీ గంటకు 47.63 మైళ్ల సగటుతో నాలుగు గంటల లోపే ముగించాడు. డబ్లిన్ ఇంజనీరు చార్ల్స్ ఫ్రాంక్లిన్, ఆర్థర్ మూర్‌హౌస్ ఆయన వెనకే వచ్చారు. ముగ్గురివీ ఇండియన్ బళ్లే. నిజానికి రెండో స్థానంలో గీత దాటింది చార్లీ కోలియర్. దారిలో పెట్రోలు నిండుకోవడంతో అనుమతి లేని చోట పోయించుకున్నాడని లెక్కలోంచి తీసేశారు.

ఫ్రాంక్లిన్ తర్వాత అమెరికా వెళ్లి అదే కంపెనీలో స్కౌట్, చీఫ్ అనే పేరుమోసిన బళ్లకు రూపమిచ్చాడు. గాడ్‌ఫ్రీ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడుపుతూ 1916లో చనిపోయాడు.

ఈ కథలో నాకు బాగా నచ్చేది గెలిచిన ఇండియన్ కాదు, వెలివేతకు గురైన రెండు వింత బళ్లు. ఒకటి జెనిత్ గ్రాడువా. దాని ట్యాంకు మీద కాఫీ గింజల మర పిడి లాంటిది ఉండేది. అది తిప్పితే ఇంజను కప్పీ రెండు ముక్కలూ దగ్గరికి రావడమో దూరం జరగడమో జరుగుతుంది, బెల్టు బిగువు తగ్గకుండా వెనక చక్రం కూడా ముందుకో వెనక్కో జరుగుతుంది. గేర్లు లేకుండానే గేర్లు మార్చినట్టన్నమాట. కొండెక్కే పందేల్లో మిగతావాళ్లను కూర్చోబెట్టేస్తోందని దాన్ని చాలా పోటీల్లోకి రానివ్వలేదు. కంపెనీ ఏడవలేదు. ‘నిషిద్ధం’ అన్న మాటనే తన వ్యాపార ముద్రగా చేసుకుంది! మన వీధుల్లో తిరిగే గేర్లు లేని స్కూటర్ల మూత విప్పి చూడండి. కప్పీ ముక్కలు దగ్గరికీ దూరానికీ జరిగే ఆ ఏర్పాటే కనిపిస్తుంది. పిడి తిప్పే పని ఇప్పుడు లోపలి రోలర్లు చేస్తున్నాయి, అంతే తేడా. 1914లో ఇలాంటి కప్పీ కిటుకుతోనే రడ్జ్ మల్టీ టీటీ పెద్ద పందెం గెలిచింది.

రెండోది స్కాట్. యార్క్‌షైర్ మనిషి ఆల్ఫ్రెడ్ స్కాట్ తయారుచేసిన టూ స్ట్రోక్ బండి. గాలితో కాక నీళ్లతో చల్లబడే ఇంజను, కిక్కు కొట్టి స్టార్ట్ చేసే వసతి. పరిగెత్తి ఎక్కే కాలంలో నిలబడి కిక్కు కొట్టడమంటే చూసేవాళ్లకు గారడీయే. ఇదీ కొండ పోటీల్లో అందరినీ దాటేస్తుంటే, ఉన్న సీసీల కంటే ఎక్కువ ఉన్నట్టు లెక్కగట్టి పెద్ద బళ్లతో పోటీ పెట్టారు. స్కాట్‌కు పైసా ఖర్చు లేని ప్రకటన దొరికింది. 1912 టీటీలో ఫ్రాంక్ ఆపిల్‌బీ ఆ బండి మీద మొదటి చుట్టు నుంచి చివరి దాకా ఎవరినీ ముందుకు పోనివ్వలేదు. 1913లోనూ స్కాటే గెలిచింది. యెజ్డీ పొగ, ఆర్‌ఎక్స్ 100 కూత గుర్తున్నవాళ్లు ఈ తాతను ఒకసారి తలుచుకోవాలి.

దాని తర్వాత కొండ మరో అలవాటును మార్చింది. 1930ల దాకా పందెపు బండికి వెనక చక్రం దగ్గర స్ప్రింగు ఉండకూడదన్నది వేదవాక్కు. స్ప్రింగుంటే మలుపులో తోక ఊపుతుందని భయం. 1935లో ఇటలీ నుంచి వచ్చిన మోటో గుజ్జి వెనక స్ప్రింగుతోనే దిగింది. నడిపింది ఐరిష్ మనిషి స్టాన్లీ వుడ్స్. ఎదుటివాడు నార్టన్ మీద జిమ్మీ గత్రీ. టీటీలో అందరూ ఒకేసారి బయలుదేరరు, ఒకరి వెనక ఒకరిని వదులుతారు, గడియారమే న్యాయమూర్తి. ఆఖరి చుట్టు ముందు వుడ్స్ పెట్రోలు కోసం ఆగుతాడన్నట్టు అతని మనుషులు గొట్టం పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. నార్టన్ వాళ్లు అది చూసి ధీమా పడ్డారు. వుడ్స్ ఆగలేదు, దూసుకుపోయాడు. గత్రీకి ‘తొందరపడు’ అని కబురందించే వేళ మించిపోయింది. ముందుగా ముగించిన గత్రీని విజేతగా అభినందిస్తుండగానే లెక్క తేలింది. వుడ్స్ గెలుపు 4 సెకన్లతో. మరుసటి ఏడాది నార్టన్ బళ్ల వెనకా స్ప్రింగులు వచ్చాయి.

అదే నార్టన్ 1992లో పిస్టన్లే లేని రోటరీ ఇంజను బండి తెచ్చింది. స్టీవ్ హిస్లాప్ దాని మీద పెద్ద పందెం గెలిచాడు. అప్పుడు తేడా 4.4 సెకన్లు. ఈ కొండకు నాలుగు సెకన్ల మీద మక్కువేమో మరి.

మక్కువ అన్నాను కానీ, ఈ కొండను ముద్దు చేయడానికి నాకు మనసొప్పదు. అక్కడి పందేల్లో, ప్రాక్టీసుల్లో ఇప్పటిదాకా చనిపోయిన రైడర్లు 260 మందికి పైనే. 2023లో పీటర్ హిక్‌మన్ ఒక చుట్టును గంటకు 136.358 మైళ్ల సగటుతో, అంటే సుమారు 219 కిలోమీటర్లతో పూర్తిచేశాడు. పక్కనే రాతిగోడలు, ఇళ్ల అరుగులు. అది చూసి వచ్చి శ్రీశైలం ఘాట్‌లో ప్రయత్నిద్దామనుకునే కుర్రాళ్లకు ఒక్క మాట: పందెం రోజుల్లో అక్కడ ఎదురుగా బస్సు రాదు. మన దగ్గర వస్తుంది.

ఇక పేరు సంగతి. 1953లో ఇండియన్ కంపెనీ తయారీ ఆపేసింది. రెండేళ్లకు ఇంగ్లండు రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లకే రంగేసి, ఇండియన్ పేరు అంటించి అమెరికాలో అమ్మడం మొదలైంది. సరిగ్గా ఆ 1955లోనే మద్రాసులో బుల్లెట్ బిగించడానికి కంపెనీ ఏర్పడింది. నిజంగా ఇండియాలో తయారవుతున్న బండికి ఇంగ్లిష్ పేరు, ఇంగ్లండు బండికి ఇండియన్ పేరు!

ఆ లెక్క 2009లో కొంత సరిపడింది. ఆ జూన్ 12న అదే కొండ దారిలో తొలిసారి ఎలక్ట్రిక్ మోటార్‌సైకిళ్ల పందెం పెట్టారు. పొగ లేదు, కూత లేదు, గేర్ల గొడవా లేదు. చూడ్డానికొచ్చిన పాతకాపులు పెదవి విరిచారు. 1907లో పెడళ్ల బండిని చూసి వాళ్ల తాతలు విరిచినట్టే. ఒకే ఒక చుట్టు. రాబ్ బార్బర్ అనే రైడర్ 26 నిమిషాల లోపు, గంటకు 87.434 మైళ్ల సగటుతో గెలిచాడు. గాడ్‌ఫ్రీ కంటే ఇంచుమించు నలభై మైళ్లు ఎక్కువ. ఆ బండిని నడిపిన మోటార్లు గుజరాత్‌లో తయారయ్యాయి. బండి పేరు అగ్ని.